బ్యాగుల కాపలాకు ఎవరినీ పెట్టొద్దు: ఆరుబయటి పాఠాలకు టీచర్ల శిక్షణ, ప్రాజెక్టు డైరీ

తెలంగాణలో ఒక మెట్ట మండలం. ఒక స్కూల్ కాంప్లెక్స్ కింద 8 ప్రాథమిక పాఠశాలలు, 21 మంది టీచర్లు, దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో పనిచేసే ప్రత్యేక విద్య టీచరు (ఐఈఆర్‌పీ) ఒకరు. పెట్టుకున్న షరతులు మూడు. వారానికి 3 పీరియడ్లు గది బయట జరగాలి. అక్కడ నడిచేది ఆ వారం సిలబస్‌లో ఉన్న పాఠమే కావాలి. హాజరుపట్టీలో పేరున్న ప్రతి పిల్లా, పిల్లాడూ అందులో ఉండాలి.

ఎక్కడైనా పని ఆగిపోయేది మూడో షరతు దగ్గరే. తరగతి బయటికి వెళ్ళిన రోజు నడవలేని పిల్లాడిని "నువ్వు బ్యాగులు చూస్తుండు బిడ్డా" అని గదిలో కూర్చోబెట్టడం చాలా బడుల్లో మామూలైపోయింది. ఆ మాట ప్రేమతోనే అంటారు, ఎండ తగలకూడదనే అంటారు. ఏడాదికి రెండుసార్లు జరిగే విహారయాత్ర అయితే వాడికి పోయేది రెండు రోజులు. వారానికి 3 పీరియడ్లు బయట జరిగితే పోయేది ఏకంగా చదువే. అందరినీ కలుపుకోకుండా బయటి పాఠాలను పెంచితే మంచి కంటే చెడు ఎక్కువ జరుగుతుందని మొదటి రోజే టీచర్లకు చెప్పాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చదువుతో పాటు ఆటలు, వినోద కార్యక్రమాల్లో కూడా మిగతా పిల్లలతో సమానంగా అవకాశం ఇవ్వాలంటోంది. బ్యాగుల కాపలా ఆ లెక్కలోకి రాదు.

జూన్ మూడో వారం: దారి కొలత

శిక్షణ కంటే ముందు ప్రతి బడికీ ఒక పని అప్పజెప్పాం. తరగతి గది గడప నుంచి పాఠం జరిగే చోటు దాకా, అక్కడి నుంచి మరుగుదొడ్డి దాకా టేపు పట్టి కొలవాలి. దారి వెడల్పు, మెట్ల ఎత్తు, గడప ఎత్తు, ర్యాంపు పొడవు, వాన పడ్డాక నీళ్ళు నిలిచే చోట్లు అన్నీ ఒక కాగితం మీద బొమ్మ గీయాలి.

8 బడుల్లో 6 చోట్ల ర్యాంపు ఉంది. వాటిలో వీల్‌చైర్ ఇబ్బంది లేకుండా దిగగలిగినవి 2. తప్పులు మూడు రకాలవి. అరుగు ఎత్తు 45 సెం.మీ. ఉంటే 1:12 వాలుకు ర్యాంపు 5.4 మీటర్ల పొడవుండాలి. కట్టింది మాత్రం మూడు మీటర్లలోపే. అంత నిటారు వాలులో పిల్లాడు తనంతట తాను ఎక్కలేడు, వెనక నుంచి నెట్టే మరో పిల్లాడు అదుపు తప్పుతాడు. కొన్నిచోట్ల ర్యాంపు బాగానే ఉంది, పైకి వెళ్ళాక గది గుమ్మానికి 5 సెం.మీ. గడప అడ్డం. అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన లోపం ర్యాంపు అడుగున ఉంది. చూరు నీళ్ళు పడి మట్టి కొట్టుకుపోవడంతో సిమెంటు అంచుకూ నేలకూ మధ్య జానెడు కాకపోయినా బెత్తెడు గుంత పడింది. ముందు చిన్న చక్రాలు అందులో దిగబడితే కుర్చీ ముందుకు తూలుతుంది. ఈ ఒక్క గుంతను మొరంతో పూడ్చి దిమ్మిస కొట్టడానికి ఒక గంట పట్టింది. ఏళ్ళుగా అలాగే ఉంది.

ఎర్ర చెల్క నేలలో ఎండాకాలం పొడి మట్టి, నల్లరేగడిలో వానాకాలం బంక, రెండూ చక్రాలకు శత్రువులే. రేగడి మట్టి టైరుకు పొరలు పొరలుగా పట్టుకుని పది గజాల్లో చక్రాన్ని ఆపేస్తుంది. అందుకే రెండు బడుల్లో మొరం బాట వేశాం. పొడవు 30 మీటర్లు, వెడల్పు 1.2 మీటర్లు, మందం 10 సెం.మీ. లెక్క కడితే 3.6 ఘనపు మీటర్లు. కొట్టాక అణిగిపోయేది కలుపుకుని నాలుగున్నర నుంచి ఐదు కావాలి, అంటే ట్రాక్టర్ ట్రిప్పులు రెండు. ఒకేసారి 10 సెం.మీ. పోసి కొడితే పైన గట్టిపడుతుంది, అడుగున వదులుగానే ఉంటుంది. రెండు పొరలుగా పోసి, నీళ్ళు చల్లి, మర్నాడు దిమ్మిస కొట్టాలి. ఒక బడిలో తొందరపడి ఒకే పొర వేశారు, రెండో వానకే చక్రాల జాడలు పడ్డాయి. బాట చివర చెట్టు దగ్గర 1.5 మీటర్ల చదును జాగా వదలాలి, లేకపోతే కుర్చీ తిరగదు. ఒక అంచున ఇటుకలు నిలువుగా పాతాం. చేతికర్రతో నడిచే అమ్మాయికి ఆ ఇటుకల వరసే దారి చూపిస్తుంది.

మరుగుదొడ్డి కొలత వేరే కారణానికి. దొడ్డికి వెళ్ళలేని పిల్లలు నీళ్ళు తాగడం మానేస్తారు. అలాంటి పిల్లను ఎండలోకి తీసుకెళ్తే వడదెబ్బ తగిలేది మొదట తనకే. బయటి పాఠం ఉన్న రోజు మంచినీళ్ళ డబ్బాతో పాటు దొడ్డి తలుపు వెడల్పూ చూడాలి.

జూన్ నాలుగో వారం: రెండు రోజుల శిక్షణ

శిక్షణ మొత్తం బడి ఆవరణలోనే, కుర్చీలు లేకుండా. చాలా శిక్షణల్లో టీచర్ల కళ్ళకు గంతలు కట్టి నడిపించడం ఒక ఆటలా ఉంటుంది. దాన్ని పెట్టలేదు. చూపున్న మనిషికి గంతలు కడితే మొదటి పది నిమిషాల భయమే తెలుస్తుంది. పదేళ్ళుగా చూపు లేకుండా తిరుగుతున్న పిల్లకు ఉన్న నేర్పు తెలియదు. టీచరు జాలి పట్టుకుని వెళ్తారు, పని నేర్చుకోకుండా వెళ్తారు. దానికి బదులు తల్లిదండ్రుల అనుమతితో ముగ్గురు పిల్లలు వచ్చి తమ దారి తామే చూపించారు. ఎక్కడ చెయ్యి పట్టుకోవాలి, ఎక్కడ వద్దు, ఏ మాట ముందుగా చెప్పాలి అన్నది వాళ్ళ నోటే విన్నారు. అరగంటలో పెద్ద పాఠమే అయింది.

ఆ రెండు రోజుల్లో చేతులతో చేసి నేర్చుకున్నవి ఇవి.

మెత్తటి నేల మీద వీల్‌చైర్‌ను ముందుకు నెట్టకూడదు. వెనక్కి తిప్పి లాగాలి. చిన్న చక్రాలు మట్టిని దున్నుతాయి, పెద్ద చక్రాలు దాటిపోతాయి. నిటారు వాలు దిగేటప్పుడూ వెనక్కే. శిబిరాల్లో ఇచ్చిన మడత కుర్చీ పిల్లాడికి పెద్దదై కాళ్ళు పాదపలక మీద ఆనకపోతే, ఒక చెక్క దిమ్మ కట్టి, వెనక దిండు పెట్టాలి. కాళ్ళు వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేతులు పని చేయవు.

వినికిడి లోపం ఉన్న పిల్లలు పెదవులు చూసి సగం మాట అందుకుంటారు. సూర్యుడు టీచరు వెనక ఉంటే ముఖం నల్లటి నీడలా కనిపిస్తుంది. కాబట్టి వెలుగు టీచరు ముఖం మీద పడాలి, పిల్లల వీపు వైపు ఎండ ఉండాలి. కళ్ళు చికిలించాల్సి వచ్చేది మనకే, ఫరవాలేదు. గాలి వీస్తే వినికిడి యంత్రంలో హోరు తప్ప ఏమీ వినపడదు. గోడ చాటున నిలబడాలి, పిల్లాడికి ఒకటిన్నర మీటరు దాటి ఉండకూడదు. ఈల మోగిస్తే వాడికి తెలియదు, ఎర్ర జెండా ఎత్తాలి. జెండా చూసినవాళ్ళు చెయ్యెత్తాలి, అందరి చేతులూ లేచేదాకా టీచరు మాట్లాడకూడదు.

చూపు మందంగా ఉన్న పిల్లలకు చెట్టు నీడ అంత మంచిదేం కాదు. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చల్లో గుంత ఏదో, నీడ ఏదో తెలియదు. ఉదయం పూట బడి భవనానికి పడమటి వైపు పడే నీడ నిండుగా, ఒకే తీరుగా ఉంటుంది. బొల్లి కాకుండా పుట్టుకతోనే చర్మంలో, వెంట్రుకల్లో రంగు లేని పిల్లలకు ఆ నీడతో పాటు అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

మూర్ఛ ఉన్న పిల్లలను బయటికి తీసుకురావడానికి టీచర్లు భయపడతారు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, గడియారం చూడాలి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళంచెవులు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్ళు పోయొద్దు. ఇది నలుగురైదుగురు కలిసి మూడుసార్లు చేసి చూశాక భయం చాలావరకు పోయింది. బావి గట్టు, చెట్టెక్కడం, ఇవి మాత్రం ఆ పిల్లలకు వద్దు.

మార్పును తట్టుకోలేని ఆటిజం పిల్లలకు ముందు రోజే, తరగతి లేకుండా, ఆ చెట్టు దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళి రావాలి. "ముందు – తర్వాత" అని రెండు బొమ్మల కార్డు: ముందు చెట్టు, తర్వాత గది. ప్రతిసారీ అదే చెట్టు. ప్రహరీ లేని రెండు బడుల్లో రోడ్డు వైపు టీచరే నిలబడాలని నియమం పెట్టుకున్నారు.

జూలై మొదటి వారం: సంచి

ఒక్కో బడికి ఒక గోనె సంచి. అందులో: ప్రతి 10 సెం.మీ.కూ ముడి వేసిన 3 మీటర్ల నూలు తాడు రెండు (మీటరు దగ్గర రెండు ముళ్ళు), హద్దు కట్టడానికి 20 మీటర్ల తాడు, పరీక్ష అట్టలు 12, బట్టల క్లిప్పులు 30, చాటలు 4, బంకమట్టి 3 కిలోలు, ఎర్ర, పచ్చ జెండాలు, బ్రెయిలీ పలక, బొమ్మల కార్డులు, ఓఆర్‌ఎస్ 6 పొట్లాలు, గాయాల మందుల డబ్బా. పెన్సిళ్ళు 6 మాత్రం ప్రత్యేకం. పాత సైకిల్ ట్యూబును అరంగుళం ముక్కలుగా కోసి నాలుగైదు తొడిగితే లావుగా, జారకుండా ఉంటాయి, పట్టు సరిగా లేని వేళ్ళకు సరిపోతాయి.

కూర్చోవడానికి మొదట పాత ఫ్లెక్సీలు పెట్టాం. తప్పు. ఎండకు కాలిపోతాయి, జారతాయి, చేతికర్ర కొస కింద ముడుచుకుపోతాయి. గోనె పట్టాలు తెచ్చాం. నేల మీద కూర్చోలేని పిల్లకు చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ ఇచ్చారు. మిగతా అందరూ కింద, తను ఒక్కతే పైన అయ్యేసరికి గుంపు మాటలు తన తల కింద నుంచి సాగిపోయాయి. తర్వాతి వారం నుంచి ఆ గుంపు నలుగురూ సిమెంటు గట్టు మీద, తన ఎత్తుకు సమానంగా కూర్చున్నారు.

జూలై రెండో, మూడో వారాలు: ఆకుల పాఠం

3వ తరగతి పరిసరాల విజ్ఞానం. పాఠం మామూలుగా చెప్పే తీరులో మొదటి ప్రశ్న "ఈ ఆకు రంగేమిటి?" అని ఉంటుంది. ఆ ప్రశ్నతోనే చూపు లేని అమ్మాయి పాఠం బయటికి వెళ్ళిపోతుంది. ప్రశ్న మార్చాం. తరగతి మొత్తానికీ అంచు, మందం, గరుకు, వాసన, ఈ నాలుగే. వేప (రంపపు అంచు), రావి (పొడుగు తోక), మర్రి (దళసరి), జామ (ఎత్తుగా లేచిన ఈనెలు, నలిపితే వాసన), మోదుగ (గరుకు, ఒక్కో కాడకు మూడేసి). మోదుగాకు విస్తళ్ళు కుట్టే ఇళ్ళ పిల్లలకు ఆ ఆకు ముందూ వెనకా తడిమితే తెలుసు, ఆ రోజు వాళ్ళే గురువులు. చాటల్లో వేరుచేశారు, బంకమట్టి బిళ్ళ మీద ఆకు నొక్కి అచ్చు తీశారు. కాగితం మీద రంగు రుద్ది తీసే అచ్చు కళ్ళకే, మట్టి అచ్చు కళ్ళకూ వేళ్ళకూ. మట్టి మరీ తడిగా ఉంటే ఈనెలు పడవు. చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా ఉండాలి, ఆకు వెనక వైపు కిందికి పెట్టి నొక్కాలి.

జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, గన్నేరు విషం, వయ్యారిభామ తాకితే దద్దుర్లు, దురదగొండి సంగతి చెప్పక్కర్లేదు. ఇవి ముందు రోజే చూసి తీసేయాలి. ఒక బడిలో నీడ బాగుందని మునగచెట్టు కింద పట్టా పరిచారు. వానాకాలం మునగ మొదలంతా వెంట్రుకల గొంగళిపురుగులు గుంపుగా పడతాయి. ఇద్దరు పిల్లల మెడలు ఎర్రగా పొంగాయి. తేనెతుట్టె, చీమలపుట్ట, గొంగళిపురుగు, ఎండిన కొమ్మ: పీరియడ్‌కు ముందు తల ఎత్తి ఒకసారి, తల దించి ఒకసారి చూడాలని సంచి మీదే రాయించాం.

సమయం మొదట్లో ఎవరికీ చాలలేదు. 40 నిమిషాల్లో 15 వెళ్ళి కూర్చోవడానికే పోతున్నాయి. చేయాల్సిన పని గదిలోనే చెప్పి, గుంపులు గదిలోనే కట్టి, నెమ్మదిగా నడిచే పిల్లాడు ముందు బయల్దేరితే 5 నిమిషాల్లో అందరూ చెట్టు దగ్గర ఉంటారు. అతన్ని చివర పంపితే వెళ్ళేసరికి పాఠం మొదలైపోయి ఉంటుంది. వరసలో ఎవరు ముందుండాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, పిల్లాడి పీరియడ్‌లో పావు వంతు అక్కడే ఉంది.

జూలై నాలుగో వారం: వానమాపకం

4వ తరగతి కొలతలకు. లోపలి వ్యాసం సరిగ్గా 8 సెం.మీ. ఉన్న బాటిల్ పైభాగం కోసి, తలకిందులుగా గరాటులా అందులోనే పెట్టాలి. 4 × 4 × 3.14 అంటే 50 చదరపు సెం.మీ. అంటే 1 మి.మీ. వానకు 5 మి.లీ. నీళ్ళు. గీతల కాగితం అతికించే బదులు సూది లేని 10 మి.లీ. సిరంజితో నీళ్ళు తోడతారు. దాని పిడి కాడ మీద 5 దగ్గర ఒకటి, 10 దగ్గర రెండు గాట్లు బ్లేడుతో పెట్టి ఇవ్వాలి. నిండా ఒకసారి లాగితే 2 మి.మీ. వాన. చూపు లేని అమ్మాయి వేలితో గాటు చూసుకుంటూ, ఎన్నిసార్లు లాగిందో లెక్క చెబుతుంటే మిగతావాళ్ళు పలక మీద రాశారు. ఆరుసార్లు నిండా, ఒకసారి సగం: 13 మి.మీ.

ఒక బడి లెక్కలు పక్క ఊరి కంటే ఎప్పుడూ తక్కువ వస్తున్నాయి. వెళ్ళి చూస్తే బాటిల్ వ్యాసం 7 సెం.మీ. దానికి 1 మి.మీ. అంటే 3.85 మి.లీ. మాత్రమే, 20 మి.మీ. వాన 15గా కనిపిస్తుంది. 5వ తరగతి పిల్లలకు ఈ తప్పే మంచి లెక్కయింది. ఇంకో బడిలో చూరు కింద పెట్టారు, వాన ఆగాక కూడా నిండుతూనే ఉంది.

ఆగస్టు మొదటి వారం: నీడ

కర్కాటక రేఖకు దక్షిణాన ఉన్న మనకు ఏడాదికి రెండుసార్లు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్ దగ్గర అది సుమారు మే 9న, ఆగస్టు 3న. మేలో సెలవులు, కాబట్టి బడికి దక్కేది ఆగస్టే. ఒక మీటరు కర్ర నిట్టనిలువుగా పాతాలి (రాయి కట్టిన దారం పట్టి నిలువు చూసుకోవాలి). నీడ కొస దగ్గర మేకు కొట్టి, కర్ర మొదలు నుంచి మేకు దాకా ముళ్ళ తాడు బిగించాలి. ఉదయం 9:30కి దాదాపు 87 సెం.మీ., 11 గంటలకు 36, మధ్యాహ్నం 12:23కి నీడే ఉండదు. తాడులన్నీ తీయకుండా ఉంచితే చూపు లేని పిల్లలు మొదటి తాడు మీద ఎనిమిది ముళ్ళు దాటి ఇంకాస్త, రెండో దాని మీద మూడు దాటి ఇంకాస్త తడిమి, మూడోసారి కర్ర మొదట్లో వట్టి నేల తాకుతారు. ఎండ ఏ చెంపకు తగులుతోందో చెప్పి తూర్పు పడమరలు కూడా పట్టేస్తారు. మబ్బు పట్టిన బడుల్లో రెండు రోజులు అటూ ఇటూ చేశారు, తేడా కొద్దిపాటిదే. సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని మాత్రం మొదటే చెప్పాలి.

ఆగస్టు మూడో వారం: ఊరివాళ్ళు

"గదులుండంగ పిల్లల్ని చెట్టు కింద కూసోపెడ్తున్నరేంది సార్?" ఈ మాట మూడు ఊళ్ళలో వచ్చింది. తేలిగ్గా తీసుకునే మాట కాదు. మన దగ్గర చెట్టు కింద బడి అంటే గదుల్లేని బడి అనే అర్థం. గదుల కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్న ఊళ్ళు ఇవి. ఉపన్యాసాలతో లాభం లేదని, తల్లిదండ్రుల సమావేశం రోజున పాఠ్యపుస్తకంలో పేజీ తెరిచి, పక్కనే పిల్లల చేత వానమాపకం లెక్క చేయించాం. అడగడం ఆగలేదు గానీ అడిగే ప్రశ్న మారింది.

ఇద్దరు టీచర్లే ఉన్న బడి సంగతి ఇంకా తేలలేదు. ఒకరు వేరే డ్యూటీకి వెళ్తే ఐదు తరగతులూ ఒక్కరి మీదే. ఆ రోజు బయటి పాఠం వద్దు, బలవంతం పెట్టొద్దని తీర్మానించాం. ఇద్దరూ ఉన్న రోజున 1, 2 తరగతులు ఒకరితో, 3, 4, 5 మరొకరితో, రెండూ ఒకే ఆవరణలో కంటికి ఆనే దూరంలో.

సెప్టెంబరు: ఎవరు చేస్తున్నారు, ఎవరు చూస్తున్నారు

హాజరు చూస్తే అందరూ బయటికి వస్తున్నట్టే ఉంది. అది చాలదు. టీచరు పాఠం చెబుతుంటే పక్క బడి టీచరు ఒక పిల్లను మాత్రమే గమనిస్తూ 5 నిమిషాలకోసారి ఒక గుర్తు పెడతారు: చే (చేస్తోంది), చూ (చూస్తోంది), ఒం (ఒంటరిగా ఉంది). ఒక కాగితం ఇలా ఉంది: చూ, చూ, చూ, చే, చూ, ఒం, చూ, చే. పాఠం బ్రహ్మాండంగా సాగిందని ఆ టీచరు అనుకున్నారు, పిల్లలు నవ్వుతున్నారు కూడా. కాగితం చేతికిచ్చాక చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయారు. కారణం గుంపులో ఆరుగురుండటం, తాడు ఒకటే ఉండటం. చురుకైన చేతులే తాడు పట్టుకుంటాయి. గుంపును ముగ్గురికి తగ్గించి, తాడు పట్టేది, ముళ్ళు లెక్కపెట్టేది, రాసేది అని పనులు పంచి, ప్రతి కొలతకూ మార్చారు. తర్వాతి వారం అదే పిల్లకు: చే, చూ, చే, చే, చూ, చే, చే, చే.

ఇదే కాగితంలో ఇంకోటి బయటపడింది. వీల్‌చైర్ నెట్టే బాధ్యత రెండు నెలలుగా ఒకే పిల్లాడిది. వాడి చదువు వెనకబడుతోంది, కుర్చీలో ఉన్నవాడికి కూడా వేరే స్నేహితులు దొరకలేదు. జతను వారం వారం మార్చాలి. నెట్టే ముందు "పోదామా?" అని అడగాలి.

దసరా సెలవుల ముందు మిగిలిన పనులు

బతుకమ్మకు తెచ్చే తంగేడు, గునుగు పూలతో 2వ తరగతి వరుసలు, పదుల కట్టలు ఒకసారి చేసి చూడాలి. గునుగు కంకి మెత్తదనం వేళ్ళకు బాగా తెలుస్తుంది, పూలలో తేనెటీగలు లేకుండా దులిపి తేవాలి. గడప అడ్డం ఉన్న గదులకు రెండు వైపులా చెక్క వాలుబల్లలు ఒక వడ్రంగితో చేయిస్తున్నాం: 5 సెం.మీ. ఎత్తుకు 60 సెం.మీ. పొడవు, పైన గరుకు కోసం ఇసుక చల్లిన పెయింటు. మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలవుతాయి, అప్పటి నుంచి బయటి పీరియడ్ మొదటిదే కావాలి, 9 గంటలు దాటకూడదు. పొట్టి ర్యాంపుల కొలతలు, కావాల్సిన పొడవులు కాంప్లెక్స్ హెచ్‌ఎం పట్టికలో రాసి పెట్టారు. మొరం బాట అంచున కొట్టుకుపోయిన చోట ఇంకో అర ట్రిప్పు పోయించాలి.